డ్యూడ్ గారి వేషాలు

అతిగా ముస్తాబయ్యే పట్నం బాబును వెక్కిరించడానికి పుట్టిన మాట అది. నూట పదిహేనేళ్ళు తిరిగేసరికి, ఒంటి మీద పాత గౌను ఒకటుంటే చాలనుకునే బద్ధకస్తుడికి బిరుదైంది. మధ్యలో అధ్యక్షులు, కౌబాయ్‌లు, దర్జీలు, నావికులు, సర్ఫర్లు చాలామందే దాని మీద చెయ్యి వేశారు.

2008 ప్రాంతంలో అమెరికా టీవీల్లో ఒక బీరు ప్రకటన తెగ ఆడింది. అందులో మాటల రచయితకు పెద్దగా పని తగల్లేదు. పాత్రలు పలికేదంతా ఒక్కటే మాట: డ్యూడ్. విసుగొస్తే డ్యూడ్. నమ్మలేకపోతే డ్యూడ్. వద్దురా అని ఆపడానికీ డ్యూడే, భలే చేశావురా అని మెచ్చుకోవడానికీ డ్యూడే. అర్థం విడమరచి చెప్పినవాళ్ళు లేరు, అర్థం కానివాళ్ళూ లేరు. గొంతు ఎక్కడ లేచింది, ఎక్కడ సాగింది, ఎక్కడ టక్కున తెగింది అన్నదాన్ని బట్టే కథంతా నడిచిపోయింది. ఒక్క 'ఒరేయ్'తో తిట్టడం, పిలవడం, బతిమాలుకోవడం, చావు కబురు చెప్పడం వచ్చిన మనకు ఇదేమంత వింత కాదు.

నిఘంటువు తెరిస్తే మాత్రం వింతగానే ఉంటుంది. షోకిల్లా రాయుడు అని ఒక అర్థం. పల్లె పనులు తెలియని పట్నవాసి అని ఇంకొకటి. ఊరికే మగమనిషి అని మరొకటి. ఆ తర్వాత పిలుపు, ఆశ్చర్యార్థకం. వరసగా చదువుకుంటూ పోతే వీటి మధ్య చుట్టరికం ఉన్నట్టే తోచదు. అది తెలియాలంటే ఏ కాలంలో ఎవరు ఎవర్ని ఆ పేరు పెట్టి పిలిచారో చూడాలి. నాకు అర్థమైనంతలో ఇది ఒక తిట్టు చేతులు మారుతూ వచ్చిన కథ. చెయ్యి మారిన ప్రతిచోటా ఒక బట్టల గొడవ ఉంది.

కాలరు ఎత్తు, బుర్ర పొట్టి

1883 జనవరి 14న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో రాబర్ట్ సేల్ హిల్ రాసిన హాస్య పద్యం ఒకటి అచ్చయింది. డ్యూడ్ అనేవాడి పుట్టుపూర్వోత్తరాలు చెబుతానంటూ ఆయన ఒక కొత్త జాతి మనిషిని పాఠకుల ముందు నిలబెట్టాడు. మాట అంతకుముందే అక్కడక్కడా వినబడుతున్నా, ఊరంతా పాకింది ఆ పద్యం తర్వాతే. నెలలు తిరక్కుండా పత్రికల నిండా డ్యూడ్లే. కార్టూన్లలో వాళ్ళే, జోకుల్లో వాళ్ళే.

ఎలా ఉంటాడా మనిషి? కాళ్ళకు అతుక్కుపోయిన పంట్లాం, మొనదేలిన బూట్లు, మెడ తిప్పనివ్వని ఎత్తు కాలరు, చేతిలో సన్నటి బెత్తం, పెదవి మీద సిగరెట్టు. నోరు విప్పితే లండన్ నుంచి అరువు తెచ్చుకున్న యాస. ఖర్చు పెట్టేది తండ్రి డబ్బు. తనకు పని లేదు, లేదన్న బెంగా లేదు. ఆస్కార్ వైల్డ్ 1882లో అమెరికా అంతా తిరిగి సౌందర్యం మీద ఉపన్యాసాలిచ్చిన వెంటనే ఈ జాతి పత్రికల కంటబడడం కాకతాళీయం అనుకోలేం.

మన గిరీశం గుర్తొస్తే తప్పు లేదు. 1892లో విజయనగరంలో రంగమెక్కిన 'కన్యాశుల్కం'లో ఆయనదీ ఇదే వాటం. చుట్ట, ఇంగ్లీషు ముక్కలు, శిష్యుణ్ణి షేక్‌స్పియర్ అని పిలవడం. దొరల ఫ్యాషన్‌ను దూరం నుంచి చూసి ఒంటికి తగిలించుకున్నవాళ్ళు ఆ రోజుల్లో అట్లాంటిక్ ఒడ్డునా ఉన్నారు, బంగాళాఖాతం ఒడ్డునా ఉన్నారు. తేడా అల్లా, గిరీశం జేబులో డబ్బుల్లేవు.

అమెరికాలో దేశాధ్యక్షుడికే ఆ పేరు తప్పలేదు. 1881 నుంచి 1885 దాకా పదవిలో ఉన్న చెస్టర్ ఆర్థర్‌ను బట్టల పిచ్చి చూసి 'డ్యూడ్ ప్రెసిడెంట్' అనేవారు. ఆయన బీరువాలో ఎనభై పంట్లాములున్నాయని జనం చెప్పుకునేవారు. కిరీటం మాత్రం ఎవాండర్ బెర్రీ వాల్‌కు దక్కింది. పత్రికలు ఆయన్ని ఏకంగా 'డ్యూడ్ల రాజు'ను చేశాయి. సారటోగాలో ఒక పందెం కోసం పొద్దుటి ఫలహారానికీ రాత్రి భోజనానికీ మధ్య నలభై సార్లు బట్టలు మార్చాడంటారు. 1888లో న్యూయార్క్‌ను మంచు తుఫాను ముంచెత్తిన నాడు తొడల దాకా వచ్చే మెరుపు తోలు బూట్లు తొడుక్కుని ఒక బారులోకి నడిచి రాగానే, ఇక పోటీయే లేదు, రాజు ఈయనే అని తీర్మానించేశారట. తర్వాత ఫ్రాన్సుకు మకాం మార్చి, అక్కడ తనలాంటి ఎత్తు కాలరే తన కుక్కకూ తొడిగి హోటళ్ళకు తీసుకెళ్ళేవాడట. 1940లో కన్నుమూసే దాకా ఆయన షోకు తగ్గలేదు. వెక్కిరింత ఒంటికి తగలని మనిషిని ఏమని వెక్కిరిస్తాం?

ఇంతకీ మాట ఎక్కడిది? ఏనుగు వెనక భాగం మీద మొలిచే వెంట్రుకను డ్యూడ్ అంటారని ఒక వదంతి ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. ఎవరో కొంటెవాడు పుట్టించిన పుకారది, ఆధారం పూచికపుల్లంత కూడా లేదు. జెరాల్డ్ కోహెన్, బారీ పోపిక్ అనే పరిశోధకులు ఏళ్ళ తరబడి పాత పత్రికలు తిరగేసి చూపించిన దారి 'యాంకీ డూడుల్' పాట దగ్గరికి వెళుతుంది. డూడుల్ తోక తెగి డూడ్ అయింది. అమెరికన్లు ఇప్పటికీ పలికేది డూడ్ అనే. 'డ్యూ' అని ఒత్తి పలికేది మనం.

ఆ పాట పుట్టుకే వెక్కిరింత. అమెరికాలో స్థిరపడ్డ వలస జనాన్ని బ్రిటిష్ సైనికులు ఆటపట్టించడానికి పాడుకున్నది. టోపీలో ఈక గుచ్చుకుని తాను లండన్ షోకిల్లానైపోయానని మురిసే నాటుమనిషి అందులో నాయకుడు. 1775లో యుద్ధం మొదలయ్యాక ఆ నాటుమనుషులే పాటను లాక్కున్నారు. బ్రిటిష్‌వాళ్ళ ఎదుటే వాయించారు. ఎదుటివాడి తిట్టును ఎత్తుకుపోయి సొంతం చేసుకోవడం ఈ మాటకు వంశపారంపర్యంగా వచ్చిన గుణం.

చలికాలం తట్టుకునే పశువు

1882లో న్యూయార్క్ రాష్ట్ర శాసనసభలోకి ఇరవైమూడేళ్ళ థియోడర్ రూజ్‌వెల్ట్ అడుగుపెట్టాడు. ముక్కు మీద కళ్ళద్దాలు, నాజూకు వేషం, సాగదీసే సంపన్నుల యాస. తోటి సభ్యులకు నవ్వు ఆగలేదు. డ్యూడ్ అన్నారు. మరుసటి ఏడు అతను అడవిదున్నల వేటకని డకోటా బాడ్‌లాండ్స్‌కు వెళ్ళి, అక్కడి పశువుల వ్యాపారంలో డబ్బు పెట్టాడు. లేడి తోలు దుస్తులు కుట్టించుకున్నాడు. టిఫనీ వాళ్ళు చేసిన వెండి పిడి కత్తి నడుముకు తగిలించాడు. ఓసారి పశువులను మళ్ళిస్తూ పనివాడికి పుస్తకాల ఇంగ్లీషులో ఆజ్ఞ ఇచ్చాడట. మన భాషలో చెప్పాలంటే, పరుగెత్తరా అనాల్సిన చోట 'త్వరితగతిన ముందుకు సాగుము' అన్నాడన్నమాట. ఆ వాక్యం ఆ చుట్టుపక్కల సారా కొట్లలో చాన్నాళ్ళు తిరిగింది.

ఇక్కడ మాట అర్థం కొంచెం పక్కకు జరిగింది. న్యూయార్క్‌లో డ్యూడ్ అంటే అతిగా ముస్తాబైనవాడు. పడమటి మైదానాల్లో డ్యూడ్ అంటే బయటివాడు. గుర్రం ఎక్కడం రాదు, తాడు విసరడం రాదు, ఏ గేటు తీసి ఏ గేటు మూయాలో తెలియదు. బట్టలు ఎలాగూ తేడాగా ఉంటాయి గనక పాత మాట సరిగ్గా సరిపోయింది.

రూజ్‌వెల్ట్‌కు పొరుగునే పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన హోవర్డ్, విల్లిస్, ఆల్డెన్ ఈటన్ అనే అన్నదమ్ములకు పశువులు పెంచే రాంచ్ ఒకటి ఉండేది. తూర్పు ఊళ్ళ నుంచి స్నేహితులు రావడం, వారాలు, నెలలు ఉండిపోవడం, ఊరికే తినిపోవడం. మొహమాటానికి పోయి అన్నదమ్ములు అడగలేదు. 1882లో బఫలో నుంచి వచ్చిన అతిథి ఒకాయనకే మనసొప్పక, ఉన్నన్నాళ్ళకూ డబ్బు తీసుకోవాల్సిందేనని పట్టుబట్టాడు. డ్యూడ్ రాంచ్ అనే వ్యాపారం అలా మొదలైందని చెబుతారు. 1886-87 చలికాలంలో మంచు కింద మేత దొరక్క మందలకు మందలు చచ్చిపోయాయి. రూజ్‌వెల్ట్ పెట్టుబడిలో పెద్ద భాగం ఆ మంచులోనే కలిసిపోయింది. పశువు కంటే డ్యూడే చలికాలం బాగా తట్టుకుంటాడని రాంచ్ యజమానుల్లో ఒక హాస్యోక్తి. ఎందుకు తట్టుకోడు? చలికాలమంతా సొంత ఇంట్లో, సొంత ఖర్చుతో మేస్తాడు గదా.

ఈటన్ అన్నదమ్ములు 1904లో వయోమింగ్‌లోని వుల్ఫ్‌కు మారారు. 1920ల్లో పశువుల ధరలు పడిపోయి, వానలు ముఖం చాటేసినప్పుడు ఎంతోమంది రాంచర్లు వాళ్ళ బాటే పట్టారు. రైళ్ళలో సీట్లు నిండాలి గనక నార్తర్న్ పసిఫిక్ రైల్వే కూడా వాళ్ళకు చేయందించింది. 1926లో మోంటానాలోని బిల్లింగ్స్‌లో డ్యూడ్ రాంచర్ల సంఘం ఏర్పడింది. పేరులో పెట్టుకున్నాక అది తిట్టు ఎలా అవుతుంది? ఆ ఊళ్ళలో డ్యూడ్ అంటే గౌరవనీయుడైన ఖాతాదారు. వచ్చింది ఆడమనిషి అయితే డ్యూడీన్. ఆ డ్యూడ్లకు గుర్రం ఎక్కడం నేర్పే కౌబాయ్ డ్యూడ్ రాంగ్లర్. వాళ్ళు దిగిన రెండో రోజుకే కొత్త టోపీ, కొత్త బూట్లు, గళ్ళ చొక్కా కొనేసి అసలు కౌబాయ్ కంటే ఎక్కువ కౌబాయ్‌లా కనబడేవారు. షోకు ఊరు మారిందంతే.

కోటు మీద యుద్ధం

1940ల్లో మాట చాలా చీకటి వీధుల్లోంచి నడిచింది. నగరాల్లోని నల్లజాతి యువకులు, లాస్ ఏంజెలెస్‌లో పచూకోలని పిలిచే మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ళు జూట్ సూట్ వేసేవారు. మోకాళ్ళ దాకా దిగే వదులు కోటు, ఎత్తుగా కుట్టిన భుజాలు, నడుము దగ్గర బుట్టలా ఉబ్బి చీలమండ దగ్గర బిగిసే పంట్లాం. తమలో తాము డ్యూడ్ అని పిలుచుకోవడం వాళ్ళలో అలవాటైంది. షోకు చేసేవాడన్న పాత అర్థం అందులో ఉంది, కానీ ఎగతాళి పోయింది. నీదీ నాదీ ఒకే దుస్తు, ఒకే వీధి, మనల్ని చూసేవాళ్ళ చూపూ ఒకటే అన్న చనువు వచ్చి చేరింది.

అప్పుడు యుద్ధకాలం. బట్ట మీద 1942లోనే ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. అంత గుడ్డ వాడే సూటు వేసుకోవడం దేశద్రోహమని కొందరు పళ్ళు నూరారు. బట్ట సాకు మాత్రమే, అసలు కంటగింపు ఆ కుర్రాళ్ళ రంగు, వాళ్ళు తలెత్తి నడవడం. 1943 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో నావికులూ సైనికులూ గుంపులుగా వీధుల్లో పడి, కనబడ్డ పచూకోలను కొట్టి, ఒంటి మీది సూట్లు ఊడదీసి చింపేశారు. పోలీసులు ఎక్కువగా పట్టుకెళ్ళింది దెబ్బలు తిన్నవాళ్ళనే. డ్యూడ్ చరిత్ర రాసేవాళ్ళలో చాలామంది ఈ ఘట్టాన్ని ఒక వాక్యంలో దాటేసి సర్ఫర్ల దగ్గరికి వెళ్ళిపోతారు. నాకది సరిగా అనిపించదు. డ్యూడ్ అనగానే ఇవాళ వినిపించే 'మనవాడా' అన్న స్వరం సముద్రపు ఒడ్డున సరదాగా పుట్టలేదు. తన్నులు తిన్న కుర్రాళ్ళ మధ్య గట్టిపడింది.

అక్కడి నుంచి జాజ్ క్లబ్బులు, నల్లజాతి పేటల మీదుగా అరవైల నాటికి తెల్లజాతి హిప్పీల నోట్లోకి వచ్చింది. 1969 నాటి 'ఈజీ రైడర్' సినిమాలో మాట రెండు కాలాల మధ్య చిక్కుకున్న చోటు ఒకటుంది. జాక్ నికల్సన్ వేసిన చిన్న ఊరి లాయరుకు డ్యూడ్ అంటే ఏమిటో అర్థం కాదు. డ్యూడ్ రాంచ్ లాంటిదా అని అడుగుతాడు. కాదు, మంచివాడు, మామూలు మనిషి అని అవతలివాళ్ళు చెబుతారు. పదమూడేళ్ళు తిరిగాక అడిగేవాళ్ళు లేరు. 1982లో 'ఫాస్ట్ టైమ్స్ ఎట్ రిడ్జ్‌మాంట్ హై'లో షాన్ పెన్ వేసిన సర్ఫర్ కుర్రాడు మాటను సాగదీసి సాగదీసి దేశమంతటికీ అంటించాడు. తర్వాత నింజా తాబేళ్ళు పిల్లలకు నేర్పాయి.

1998లో కోయెన్ సోదరులు 'ది బిగ్ లెబౌస్కీ' తీశారు. జెఫ్ బ్రిడ్జెస్ పాత్రకు సొంత పేరు ఉంది గానీ ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఒప్పుకోడు, తనను డ్యూడ్ అనమంటాడు. సినిమా మొదట్లోనే స్నానపు గౌనుతో, కాళ్ళకు చెప్పులతో సూపర్‌మార్కెట్‌లో తిరుగుతూ, 69 సెంట్ల పాలకు చెక్కు రాసిస్తాడు. ఉద్యోగం లేదు, వెతుక్కునే తొందరా లేదు. బెర్రీ వాల్ ఈ వేషం చూసి ఉంటే మూర్ఛపోయేవాడు. అయినా ఇద్దర్లో ఒక పోలిక కనబడుతుంది. ఇద్దరూ పని చేయరు, ఇద్దరూ లోకం ఏమనుకుంటుందోనని జంకరు. ఆ సినిమా అభిమానులు లూయిస్‌విల్‌లో 2002 నుంచి గౌన్లు వేసుకుని పండగ చేసుకోవడం మొదలుపెట్టారు. డ్యూడిజం అని ఒక మతాన్నే సరదాగా స్థాపించినవాళ్ళూ ఉన్నారు.

దగ్గరగా రా, మరీ దగ్గరగా రాకు

పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్పే స్కాట్ కీస్లింగ్ తన విద్యార్థులకు ఒక పని అప్పగించాడు. మూడు రోజుల్లో చెవిన పడ్డ మొదటి ఇరవై డ్యూడ్లను రాసుకోవాలి. ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ఏ సందర్భంలో. అలా పోగైన 519 డ్యూడ్ల మీద ఆయన రాసిన వ్యాసం 2004లో 'అమెరికన్ స్పీచ్' పత్రికలో వచ్చింది. కుర్రాళ్ళు కుర్రాళ్ళతో అన్నవే అందులో ఎక్కువ. స్నేహితులతో నోటినిండా వాడేవాళ్ళే తల్లిదండ్రుల దగ్గర, ప్రొఫెసర్ల దగ్గర, పైఅధికారి దగ్గర మింగేస్తారు.

ఆయన పట్టుకున్న కీలకం ఇది. అమెరికన్ కుర్రాళ్ళ మీద ఒకేసారి రెండు ఒత్తిళ్ళుంటాయి. స్నేహితుడికి దగ్గరగా ఉండాలి. మరీ దగ్గరైతే ఏమనుకుంటారోనన్న భయం. పైగా దేనికీ పెద్దగా చలించనట్టు, అంతా తేలిగ్గా తీసుకున్నట్టు కనబడాలి. ఈ మూడింటినీ ఒక్క అక్షరంతో కానిచ్చేసే మాట డ్యూడ్. నువ్వు నావాడివే, అలాగని వాటేసుకోకు, అంతలోనే సర్దుకుంటుంది అన్నంత కబురు అందులో ఉంది. పరీక్ష పోయినవాడితో డ్యూడ్ అంటే ఓదార్పు. అప్పు తీర్చనివాడితో అదే మాట అంటే హెచ్చరిక, అయితే కోరలు తీసిన హెచ్చరిక. గొడవ పడే మాట అన్నాక చివర డ్యూడ్ తగిలిస్తే చెంపదెబ్బ కాస్తా భుజం మీద చరుపు అవుతుంది.

మనకు ఇది కొత్తగా అనిపించకపోవడానికి కారణం వ్యాకరణంలోనే ఉంది. ఇంగ్లీషులో ఎదుటి మనిషికి నువ్వు, మీరు, తమరు అన్నీ ఒకటే. 'దౌ' అని చనువు మాట ఒకటి ఉండేది, అది వాడుకలోంచి పోయింది. చనువైనా మర్యాదైనా చూపాలంటే వాళ్ళకు మిగిలింది పిలుపులే. సర్, మ్యామ్, మ్యాన్, బ్రో, డ్యూడ్. మనం క్రియ చివర చిన్న ముక్క తగిలిస్తే చాలు. 'రండి', 'రా', 'రారా' అన్న మూడు మాటల్లో ఇద్దరి వయసు, వరస, పరిచయం అన్నీ తేలిపోతాయి. అందుకే డ్యూడ్‌కు తెలుగులో సరిజోడు వెతికేవాళ్ళు నామవాచకాల్లో వెతికి అలసిపోతారు. అది ఉండేది 'రా' దగ్గర. మామా, బావా, కాకా, గురూ, బాసూ, భయ్యా ఆ పనిలో కొంత పంచుకుంటాయి.

అయినా మనవాళ్ళు డ్యూడ్‌ను తెచ్చుకున్నారు. కాలేజీల్లోంచి, సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లోంచి, డాలస్‌లో, న్యూజెర్సీలో చదువుకునే పిల్లల ఫోన్లలోంచి వచ్చింది. 2025 దీపావళికి ప్రదీప్ రంగనాథన్ హీరోగా మన మైత్రీ మూవీ మేకర్స్ తీసిన తమిళ సినిమాకు పేరే 'డ్యూడ్', తెలుగులోనూ అదే పేరుతో వచ్చింది. మన దగ్గర మాటకు ఒక చిత్రం జరిగింది. పిలుపుగా వాడేటప్పుడు సర్ఫర్ కుర్రాడి డ్యూడే. కానీ "పెళ్ళికి డ్యూడ్‌లా తయారై వచ్చాడురా" అంటున్నప్పుడు, కళ్ళజోడు, బిగుతు ప్యాంటు, మెరిసే బూట్లు కళ్ళముందు కదులుతాయి. అచ్చం 1883 నాటి న్యూయార్క్ అర్థం. ఎవరూ నేర్పలేదు, అమెరికాలో దాదాపు అణగారిపోయిన అర్థం ఇక్కడ మళ్ళీ మొలకెత్తింది.

అమ్మాయిల సంగతి

కీస్లింగ్ లెక్కల్లో అమ్మాయిలు అమ్మాయిలతో అన్న డ్యూడ్లూ బాగానే ఉన్నాయి. కష్టం చెప్పుకునేటప్పుడు, ఇలా చెయ్యి అని ఒకరికొకరు పురమాయించుకునేటప్పుడు వాళ్ళకూ అది అక్కరకొస్తోంది. ఒకప్పటి డ్యూడీన్, డ్యూడెస్ లాంటి స్త్రీలింగ రూపాలు ఎప్పుడో మూలపడ్డాయి. ఇప్పుడు ఆడా మగా అందరికీ ఒకటే పిలుపు. మన ఇళ్ళల్లో తల్లి కూతుర్ని "ఏరా, అన్నం తిన్నావా" అని ముద్దుగా అడగడం, హాస్టల్లో ఆడపిల్లలు ఒకరినొకరు 'రా' అనుకోవడం లాంటిదే ఇదీ.

ఇక్కడే అమెరికాలో తెగని వాదన ఒకటి నడుస్తోంది. ఆఫీసులో తోటి ఉద్యోగినిని డ్యూడ్ అని పిలిచే మగవాడు, అది అందరికీ వర్తించే మాటేనని నమ్ముతాడు. ఆమెకేమో తనను మగవాళ్ళ లెక్కలో కలిపేసుకున్నట్టు ఉంటుంది. పిలుపుగా వాడితే మాట లింగం మరిచిపోయింది, నిజమే. నామవాచకంగా వాడితే మాత్రం మరవలేదు. "నిన్న ఒక డ్యూడ్ వచ్చాడు" అంటే వచ్చింది మగాడేనని ఎవరైనా అనుకుంటారు. డ్యూడ్‌కు ఆడా మగా తేడా లేదని వాదించే కుర్రాళ్ళ నోరు మూయించడానికి అక్కడి అమ్మాయిలు అడిగే ప్రశ్న ఒకటుంది: "అయితే ఇప్పటిదాకా ఎంతమంది డ్యూడ్లతో తిరిగావు?"